బ్లాక్ కాలేజీల్లో పండగా వాళ్ళదే, పద్దూ వాళ్ళదే

(అట్లాంటా శివార్లలో ఒక తెలుగు కాలేజీ పూర్వ విద్యార్థుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది. మాటలు పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినబడుతోందా? ఆ, సరే. భోజనాలు ఒంటిగంటకి అని కార్డులో వేశారు, కాబట్టి నేను ఆపకపోయినా బిర్యానీ వాసన ఆపేస్తుంది, మీకేం భయం లేదు.

మీ సెక్రటరీగారు ఫోన్ చేసి "మేడమ్, పూర్వ విద్యార్థుల సంఘాన్ని బలోపేతం చేయడం ఎలా అనే అంశం మీద మాట్లాడాలి" అన్నారు. బలోపేతం అన్న మాట వింటేనే నాకు నీరసం వస్తుంది. (నవ్వులు) నేను మేనేజ్‌మెంట్ మనిషిని కాను, కెమిస్ట్రీ చెప్పుకునేదాన్ని. కాకపోతే చెప్పేది ఒక బ్లాక్ కాలేజీలో, అంటే అమెరికా నల్లజాతివాళ్ళ చదువు కోసం పుట్టిన కాలేజీలో. ఏ కాలేజీ అని అడక్కండి, ఉద్యోగం ఇంకా చేస్తున్నాను. అక్కడి పాత విద్యార్థులు వస్తూ పోతూ ఉంటారు, వాళ్ళ హడావుడి చూస్తూ ఉంటాను, ఆ తరవాత మన సమావేశాలకి వస్తాను. రెండిటికీ ఎక్కడ తేడా ఉందో నాకు తోచింది చెబుతాను. మనం కలుసుకునేది మన బ్యాచ్ కోసం. వాళ్ళు కలుసుకునేది ఇప్పుడు ఆ కాలేజీలో చదువుతున్న పిల్ల కోసం, వచ్చే ఏడు ఆ కాలేజీ తలుపులు తెరిచి ఉండటం కోసం. అందులోనే డాన్సులూ, తిండీ, కేకలూ అన్నీ ఉన్నాయి, మనకంటే పదింతలు ఉన్నాయి. పండగ వేరు, పని వేరు అన్న లెక్క వాళ్ళకి లేదు. నేను చెప్పదలుచుకున్నది ఇంతే, మిగతాది ఎందుకలా అయిందో చెప్పడం.

మనలో చాలామంది ఆల్ఫారెట్టా, కమ్మింగ్, జాన్స్ క్రీక్ వైపు ఉంటాం. డౌన్‌టౌన్‌కి వెళ్ళేది ఎప్పుడంటే, ఇండియా నుంచి అమ్మానాన్నా వస్తే ఆక్వేరియం, కోకకోలా మ్యూజియం తిప్పడానికి. ఆ డౌన్‌టౌన్‌కి పడమటి పక్కన, పెద్ద ఫుట్‌బాల్ స్టేడియం దాటగానే, ఒకదాన్నొకటి ఆనుకుని మోర్‌హౌస్, స్పెల్మన్, క్లార్క్ అట్లాంటా, మోర్‌హౌస్ మెడికల్ స్కూల్, ఆ పక్కనే మోరిస్ బ్రౌన్ ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి ఒక్కసారి కూడా ఆ వీధుల్లోకి తిరగనివాళ్ళు చేతులెత్తండి అంటే బాగుండదు, అడగను.

అమెరికాలో హెచ్‌బీసీయూ (హిస్టారికల్లీ బ్లాక్ కాలేజెస్ అండ్ యూనివర్సిటీస్) అని చట్టంలోనే ఒక వర్గం ఉంది. 1964కి ముందు పుట్టి, నల్లజాతివాళ్ళకి చదువు చెప్పడమే ముఖ్య ఉద్దేశంగా పెట్టుకున్న కాలేజీలు. 1965 నాటి ఉన్నత విద్యా చట్టంలో ఈ నిర్వచనం పెట్టారు. వందకి అటూ ఇటూగా ఉన్నాయి, ఎక్కువ దక్షిణాది రాష్ట్రాల్లోనే. ఏవో కొన్ని తప్పిస్తే చాలావరకు 1865లో అంతర్యుద్ధం ముగిశాక వచ్చినవే. అంతకుముందు దక్షిణాదిలో చాలా రాష్ట్రాల్లో బానిసకి అక్షరం నేర్పడం నేరం. ఆ బంధనం తెగీ తెగగానే, చర్చి నేలమాళిగల్లో, సైన్యం ఖాళీ చేసిన బారకాసుల్లో, ఎక్కడ చోటు దొరికితే అక్కడ బడి పెట్టేశారు. స్పెల్మన్ సంగతే చూడండి. 1881 ఏప్రిల్ 11న, ఈ ఊళ్ళోనే, ఫ్రెండ్‌షిప్ బాప్టిస్ట్ చర్చి బేస్‌మెంట్‌లో 11 మందితో మొదలైంది. సోఫియా ప్యాకర్డ్, హారియట్ గైల్స్ అని ఉత్తరాది నుంచి వచ్చిన ఇద్దరు టీచర్లు, చేతిలో ఒక చర్చి ఇచ్చిన 100 డాలర్లు. చదువుకోవడానికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఒకప్పుడు బానిసలుగా ఉన్న ఆడవాళ్ళు, ఒకరు చదివి వినిపిస్తే కాకుండా బైబిల్ తమంతట తాము చదువుకోవాలని వచ్చారు. అదే స్పెల్మన్‌కి 2024 జనవరిలో ఒక దంపతులు 10 కోట్ల డాలర్లు విరాళం ప్రకటించారు. పేపర్లన్నీ దాని గురించే రాశాయి. ఆ 100 డాలర్లకీ ఈ 10 కోట్లకీ మధ్య ఉన్న 140 ఏళ్ళూ ఎవరు లాక్కొచ్చారన్నది పేపర్లలో రాదు.

నాష్‌విల్‌లో ఫిస్క్ అని ఇంకో కాలేజీ ఉంది. 1871 నాటికి దాని ఖజానా అడుగంటింది. కట్టడాలేమో యుద్ధంలో సైన్యం వాడి వదిలేసిన పాత షెడ్లు, కూలిపోయేలా ఉన్నాయి. అక్కడ జార్జ్ వైట్ అని ట్రెజరర్ ఉండేవాడు, పాటలు నేర్పేదీ ఆయనే. మీ ట్రెజరర్‌గారు ముందు వరసలో ఉన్నారు కాబట్టి కాస్త గట్టిగా చెబుతున్నా. (నవ్వులు) ఆయన తొమ్మిదిమంది విద్యార్థుల్ని వెంటబెట్టుకుని అక్టోబర్ 6న ఊరూరా పాడించడానికి బయల్దేరాడు. ఆ పిల్లల్లో చాలామంది బానిసత్వంలో పుట్టినవాళ్ళే. వాళ్ళమ్మలూ అమ్మమ్మలూ పొలాల్లో, రాత్రిపూట చాటుగా ప్రార్థనల్లో పాడుకున్న పాటల్ని వేదికెక్కి తెల్లవాళ్ళ ముందు పాడాలంటే మొదట వాళ్ళకే మనసొప్పలేదు. అది ఇంటి సంగతి, నలుగురిలో పెట్టేది కాదు అనుకున్నారు. చివరికి పాడారు, జనం ఏడ్చారు, డబ్బొచ్చింది. 1873లో ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి ముందు కూడా పాడారు. వచ్చిన డబ్బుతో 1876 నాటికి జూబిలీ హాల్ అనే పెద్ద భవనం లేచింది, ఇప్పటికీ ఉంది. ఏటా అక్టోబర్ 6న ఫిస్క్‌లో జూబిలీ డే జరుపుకుంటారు. ఈ పాటల బృందమే తరవాత ఫ్రెడరిక్ లౌడిన్ అనే గాయకుడి ఆధ్వర్యంలో ప్రపంచమంతా తిరుగుతూ ఇండియాలో కూడా పాడింది, అదింకో పెద్ద కథ.

ఇది ఎందుకు చెప్పానంటే, మన దగ్గర "కల్చరల్ ప్రోగ్రామ్స్" అని ఒక కమిటీ, "ఫండ్ రైజింగ్" అని ఇంకో కమిటీ ఉంటాయి, రెండిటికీ పడదు. (నవ్వులు) అక్కడ ఆ రెండూ ఒకే కాన్పులో పుట్టాయి.

ఇక హోమ్‌కమింగ్. అమెరికాలో ప్రతి కాలేజీకీ ఏదో ఒక హోమ్‌కమింగ్ ఉంటుంది, ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టి పాతవాళ్ళని పిలుస్తారు. బ్లాక్ కాలేజీలో అది మన ఊరి అమ్మవారి జాతర. ఎక్కడెక్కడో స్థిరపడ్డవాళ్ళంతా ఆ వారం లీవు పెట్టుకుని దిగుతారు, ఆ కాలేజీలో చదవని బావమరుదులూ పక్కింటివాళ్ళూ కూడా వస్తారు, ఎవరు ఎవరి తాలూకో అడిగే పనిలేకుండా ప్లేటు చేతికొస్తుంది. అక్టోబర్, నవంబర్ నెలల్లో. వాషింగ్టన్‌లో హోవర్డ్ యూనివర్సిటీ 1924 నుంచి చేస్తోంది. గ్రీన్స్‌బరోలో నార్త్ కరోలినా ఏ అండ్ టీ అని ఉంది, హెచ్‌బీసీయూల్లోకెల్లా ఎక్కువమంది విద్యార్థులున్నది అక్కడే. వాళ్ళైతే తమదే భూమ్మీదకెల్లా గొప్ప హోమ్‌కమింగ్ అని పేరే పెట్టేసుకున్నారు, మిగతావాళ్ళు ఒప్పుకోరు, ఆ గొడవ తెగేది కాదు. 1960 ఫిబ్రవరి 1న ఊళ్ళో వూల్‌వర్త్ షాపులో తెల్లవాళ్ళకి మాత్రమే అన్న లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని లేవం అన్న నలుగురు కుర్రాళ్ళూ ఆ కాలేజీ ఫస్టియర్ వాళ్ళే. క్యాంపస్‌లో ఆ నలుగురి విగ్రహం ఉంది.

మన అట్లాంటాలో మోర్‌హౌస్ మగపిల్లల కాలేజీ, స్పెల్మన్ ఆడపిల్లలది, ఇద్దరూ కలిసి ఒకటే హోమ్‌కమింగ్ చేస్తారు, స్పెల్‌హౌస్ అంటారు. స్పెల్మన్‌కి ఫుట్‌బాల్ టీమ్ లేదు. అసలు 2012లో వాళ్ళు బయటి కాలేజీలతో ఆడే పోటీలన్నిటి నుంచీ తప్పుకుంటున్నామని ప్రకటించి, ఆ కొద్దిమంది క్రీడాకారుల మీద పెట్టే డబ్బుని మొత్తం విద్యార్థినుల ఆరోగ్యం మీద పెట్టారు. నాకు ఆ నిర్ణయం భలే నచ్చుతుంది. మన ఇళ్ళల్లో ఇన్ని షుగర్లూ బీపీలూ పెట్టుకుని కూడా అలాంటి ఆలోచన మనకి రాదు.

మ్యాచ్ మధ్యాహ్నం ఉంటే పొద్దున్నుంచే టెయిల్‌గేటింగ్. మనవాళ్ళు ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌ల దగ్గర చూసే ఉంటారు, పార్కింగ్‌లో కార్ల వెనక డోర్లు ఎత్తి, టెంట్లు వేసి, పొయ్యిలు పెట్టి వండుకోవడం. ఒక హోమ్‌కమింగ్‌లో నేను చూసింది చెబుతాను. ఒకే టెంట్ కింద ఒక పక్క నూనె మూకుడులో చేపలు వేగుతున్నాయి, మొక్కజొన్న పిండి పట్టించిన చేప, మనవాళ్ళు తింటే కారం తక్కువైందంటారు గానీ వదలరు. ఇంకో పక్క మగాళ్ళు నలుగురు పేకాట, స్పేడ్స్ అంటారు, ముక్క వేసేటప్పుడు బల్ల అదిరేలా కొట్టాలి, లేకపోతే ఆట కిందే లెక్కకాదు. మధ్యలో మడతకుర్చీలో ఒక పెద్దావిడ, రిటైరైన స్కూల్ టీచరట, డెబ్బై దాటి ఉంటాయి. ఎవరొచ్చినా ముందు ఒకటే ప్రశ్న, "ఏ సంవత్సరం?" సంవత్సరం చెబితే చాలు, ఆ ఏడు ఎవరు ప్రెసిడెంటు, ఏ హాస్టల్‌కి నీళ్ళు రావు, అన్నీ దొర్లుకొస్తాయి. నేను టీచర్నని చెబితే "ఓహో, నువ్వు పిల్లల్ని ఫెయిల్ చేసేదానివా" అంది. (నవ్వులు) ఇంతలో సెకండియర్ కుర్రాడొకడు వచ్చి ప్లేటు పట్టుకున్నాడు. ఆవిడ వాడికి చేప వేస్తూనే, "బేబీ, ఫైనాన్షియల్ ఎయిడ్ ఫారం నింపావా? వచ్చే సెమిస్టర్‌కి ఎంత తగ్గుతోంది?" అని అడిగింది. వాడు సిగ్గుపడి ఏదో అంకె చెప్పాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న నోట్‌బుక్ తీసి వాడి పేరు, చదివే సబ్జెక్టు, ఆ అంకె రాసుకుంది. అప్పటికే ఆ పేజీలో చాలా పేర్లున్నాయి. తరవాత టెంట్‌లో ఉన్నవాళ్ళందరి దగ్గరికీ ఆ నోట్‌బుక్ తిరిగింది. పేకాట దగ్గర కూడా ఆగింది, ముక్కలు బోర్లించి జేబులు తడుముకున్నారు.

ఆ డబ్బు వాడికి సరిపోయిందా అంటే, సరిపోయి ఉండదు. కానీ వాడు ఎప్పుడో తీసుకోబోయే మడతకుర్చీ వాడికి అప్పుడే కనబడింది, అది నేను చూశాను.

మ్యాచ్ సంగతి నన్నడక్కండి, స్కోరు ఎవరికీ పట్టదు. బ్లాక్ కాలేజీ మ్యాచ్‌కి వెళ్ళినప్పుడు హాఫ్‌టైమ్‌లో మాత్రం లేవకండి. మామూలు స్టేడియంలో హాఫ్‌టైమ్ అంటే బాత్రూమ్ లైను, ఇక్కడ హాఫ్‌టైమ్ కోసమే వస్తారు, బ్యాండు దిగుతుంది. ఫ్లోరిడా ఏ అండ్ ఎమ్‌కి మార్చింగ్ 100, జాక్సన్ స్టేట్‌కి సోనిక్ బూమ్, సదరన్ యూనివర్సిటీకి హ్యూమన్ జ్యూక్‌బాక్స్. ఒక్కో బ్యాండుకీ మన హీరోలకున్నంత అభిమానులు. టెనెసీ స్టేట్ బ్యాండు 2023లో గ్రామీ కొట్టింది, కాలేజీ మార్చింగ్ బ్యాండుకి గ్రామీ రావడం అదే మొదలు. లూసియానాలో సదరన్, గ్రాంబ్లింగ్ రెండూ ఏటా థాంక్స్‌గివింగ్ వారంలో న్యూ ఆర్లీన్స్‌లో తలపడతాయి, 1974 నుంచి బేయూ క్లాసిక్ అని జరుగుతోంది, ముందురోజు రాత్రి బ్యాండులకే విడిగా పోటీ పెడతారు. మ్యాచ్ అయ్యాక కూడా జనం కదలరు, రెండు బ్యాండులూ ఎదురెదురుగా నిలబడి ఒకరి పాటకి ఒకరు జవాబు వాయిస్తారు, దాన్ని ఐదో క్వార్టర్ అంటారు. ఆట నాలుగు క్వార్టర్లే మరి.

బ్యాండు గురించి మంచే చెప్పి ఊరుకుంటే అబద్ధం అవుతుంది. 2011 నవంబర్‌లో ఫ్లోరిడా ఏ అండ్ ఎమ్ బ్యాండులో ఒక కుర్రాడు, డ్రమ్ మేజరు, అంటే బ్యాండుని ముందుండి నడిపించేవాడు, ఆర్లాండోలో మ్యాచ్ అయ్యాక బస్సులో తోటివాళ్ళు ర్యాగింగ్ పేరుతో కొట్టిన దెబ్బలకి చనిపోయాడు. యూనివర్సిటీ ప్రెసిడెంటు రాజీనామా చేశాడు, కేసులు నడిచాయి, బ్యాండుని ఆపేసి 2013లో గానీ మళ్ళీ దింపలేదు. "మా కాలంలోనూ ఇలాగే ఉండేది, మేం తట్టుకోలేదా" అనే పాతవాళ్ళు ప్రతి కాలేజీలోనూ ఉంటారు. మన హాస్టళ్ళ ర్యాగింగ్ కథలు చెప్పుకుని నవ్వుకునే మనం కూడా ఆ కోవలోకే వస్తాం. సంప్రదాయాన్ని పాతవాళ్ళు మోసుకొస్తారు, నిజమే, అందులో కుళ్ళినదాన్ని కూడా వాళ్ళే మోసుకొస్తారు.

మీకు తప్పకుండా చూడమని నేను చెప్పేది హోమ్‌కమింగ్ కూడా కాదు, మే నెలలో స్పెల్మన్ క్లాస్ డే. గ్రాడ్యుయేషన్‌కి ముందు జరుగుతుంది. పాత బ్యాచ్‌ల రీయూనియన్ కూడా సరిగ్గా ఆ వారాంతంలోనే పెడతారు, అందులోనే ఉంది తెలివంతా. మనం రీయూనియన్ ఎప్పుడు పెడతాం? అందరికీ సెలవులు కుదిరినప్పుడు, అంటే కాలేజీకి కూడా సెలవులున్నప్పుడు. ఖాళీ క్లాసురూముల్లో ఫోటోలు దిగి వస్తాం. వీళ్ళు, డిగ్రీ పుచ్చుకుని బయటికి పోయే పిల్లలు గేటు దాటకముందే పాతవాళ్ళని రప్పిస్తారు. ఆ రోజు అందరూ తెల్ల డ్రెస్సుల్లో ఉంటారు. పూర్వ విద్యార్థినులు బ్యాచ్‌ల వారీగా, చేతిలో తమ సంవత్సరం రాసిన పెద్ద అట్టలు పట్టుకుని నడుస్తారు. కర్ర పట్టుకున్నవాళ్ళు ఉంటారు, వీల్‌చైర్‌లో కూర్చుని ఒళ్ళో ఆ అట్ట పెట్టుకున్నవాళ్ళు ఉంటారు, మనవరాలు తోస్తూ ఉంటుంది, ఆ మనవరాలు కూడా అక్కడే చదువుతున్నదై ఉండొచ్చు. గ్రాడ్యుయేట్ కాబోయే పిల్లలు అలమ్నీ ఆర్చ్ అనే కమాను కిందుగా నడిచి వస్తారు. అటు విద్యార్థినిగా అడుగుపెట్టి ఇటు పూర్వ విద్యార్థినిగా తేలడమన్నమాట. పక్కన నిలబడ్డ పెద్దవాళ్ళు వాళ్ళ పేర్లు కూడా తెలియకుండానే కేకలు వేస్తుంటారు. నేను మా ఆడపడుచుని తీసుకెళితే ఎండలో నించోబెట్టావని సణిగింది, కమాను దగ్గరికి వచ్చేసరికి కళ్ళు తుడుచుకుంటోంది. ఎందుకని అడిగితే ఎండ అంది. కొన్ని కాలేజీల్లో డిగ్రీ పుచ్చుకుని 50 ఏళ్ళయినవాళ్ళకి బంగారు రంగు గౌన్లు వేసి, కొత్తగా డిగ్రీ తీసుకునే పిల్లలతోపాటు స్నాతకోత్సవంలో నడిపిస్తారు.

మీలో కమలా హారిస్ గురించి చదివినవాళ్ళు ఆవిడ హోవర్డ్‌లో 1986లో డిగ్రీ చేసిందని, ఏకేఏ (ఆల్ఫా కప్పా ఆల్ఫా) అనే సోరోరిటీలో, అంటే ఆడపిల్లల సంఘంలో, ఉందని విని ఉంటారు. నల్లజాతివాళ్ళ పాత సోరోరిటీలూ, ఫ్రాటర్నిటీలనే మగపిల్లల సంఘాలూ కలిపి తొమ్మిది, డివైన్ నైన్ అంటారు. తొమ్మిదిలో ఐదు హోవర్డ్‌లోనే పుట్టాయి, ఏకేఏ 1908లో. డెల్టా సిగ్మా తీటా అని ఇంకోటి 1913లో పెట్టి, పెట్టిన కొద్దివారాలకే వాషింగ్టన్‌లో ఆడవాళ్ళ ఓటు హక్కు ఊరేగింపులో నడిచారు. మామూలు అమెరికన్ కాలేజీల్లో ఇలాంటివి నాలుగేళ్ళ ముచ్చట. వీళ్ళకి చచ్చేదాకా సభ్యత్వం, ఊరూరా పెద్దవాళ్ళ శాఖలు, అరవై ఏళ్ళ డాక్టరమ్మ కూడా తన సంఘం రంగు బట్టలు వేసుకుని హోమ్‌కమింగ్‌లో స్టెప్పులేస్తుంది. ఆ స్టెప్పులు ఏ సంఘానివి ఆ సంఘానివే, బయటివాళ్ళు వేస్తే ఊరుకోరు. ఆడవాళ్ళు వేస్తుంటే సరదాపడి నేనూ ఒక మూల కలవబోతే మా స్టూడెంటే వచ్చి మర్యాదగా చెయ్యి పట్టుకుని పక్కకి తెచ్చింది. (నవ్వులు)

ఇక ఏడాది పొడుగునా జరిగేది. హోమ్‌కమింగ్ ఒక వారం, మిగతా కాలమంతా చాప్టర్లు నడుస్తాయి. హ్యూస్టన్‌లో, షికాగోలో, లాస్ ఏంజెలెస్‌లో ఒక్కో కాలేజీకి ఒక్కో చాప్టర్. స్కూలు పిల్లల కాలేజీ మేళాలో బల్ల వేసి కూర్చునేది కాలేజీ ఉద్యోగులు మాత్రమే కాదు, ఆ ఊరి పాత విద్యార్థులు కూడా. సీటొచ్చిన పిల్లలకి వేసవిలో ఒక పార్టీ ఇస్తారు, సెండాఫ్ అంటారు. ఎవరింటి పెరట్లోనో, చర్చి హాల్లోనో. దుప్పట్లు, తువ్వాళ్ళు, లాండ్రీ సబ్బులు, గిఫ్ట్ కార్డులు సర్దిన బుట్టలిచ్చి, తల్లిదండ్రుల్ని పక్కకి కూర్చోబెట్టి, హాస్టల్ వార్డెన్ ఎవరు, డబ్బు కట్టడానికి ఆఖరు తేదీ ఎప్పుడు, తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ చెబుతారు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గుమ్మం తొక్కుతున్న పిల్లకి ఆ ఫోన్ నంబరు విలువ మనందరికీ తెలుసు. మనలో ఎంతమందికి మొదటిసారి ఎయిర్‌పోర్టులో ఎవరో సీనియర్ కారు తెచ్చాడు, చెప్పండి.

ఇప్పుడు అసలు కిటుకు, ఇంత పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చింది? ప్రేమ అంటే సగమే నిజం. మిగతా సగం, వేరే ఎవరూ లేరు. హార్వర్డ్ నిధి 5,000 కోట్ల డాలర్ల పైమాట. హెచ్‌బీసీయూల్లో ధనిక కాలేజీ అనదగ్గ హోవర్డ్‌ది 100 కోట్ల దరిదాపు. ప్రభుత్వం నడిపేవాటి సంగతి ఇంకా ఘోరం. 2023 సెప్టెంబర్‌లో కేంద్ర విద్యా, వ్యవసాయ శాఖల మంత్రులిద్దరూ 16 రాష్ట్రాల గవర్నర్లకి లేఖలు రాశారు, మీ రాష్ట్రంలో తెల్లవాళ్ళ ల్యాండ్‌గ్రాంట్ (కేంద్రం ఇచ్చిన భూములతో పెట్టిన ప్రభుత్వ) యూనివర్సిటీకి ఇచ్చిన లెక్కన నల్లవాళ్ళ యూనివర్సిటీకి ఇవ్వలేదు అని. మూడు దశాబ్దాల బకాయి అన్నీ కలిపి 1,200 కోట్ల డాలర్ల పైన. ఒక్క టెనెసీ స్టేట్‌కే 210 కోట్లు. గ్రామీ వచ్చిన బ్యాండు అక్కడిదే. లేఖలైతే వెళ్ళాయి, లేఖతో డబ్బు రాదు కదా.

మేరీల్యాండ్‌లో పాత విద్యార్థులు లేఖల దగ్గర ఆగలేదు. పూర్వ విద్యార్థులు, అప్పటి విద్యార్థులు కలిసి 2006లో రాష్ట్రం మీద కేసు వేశారు. మోర్గన్ స్టేట్, బోవీ స్టేట్, కాపిన్ స్టేట్, ఈస్టర్న్ షోర్, ఈ నాలుగిటికీ అన్యాయం చేశారు, పైగా ఇక్కడ బాగా నడిచే కోర్సుల్నే పక్కనున్న తెల్లవాళ్ళ కాలేజీల్లో పెట్టి పిల్లలు రాకుండా చేశారు అని. పదిహేనేళ్ళు నడిచింది. కేసు వేసినప్పుడు చదువుతున్న పిల్లలు, తమ పిల్లల్ని స్కూల్లో వేసే వయసుకొచ్చారు. 2021లో 57 కోట్ల 70 లక్షల డాలర్లు పదేళ్ళలో ఇచ్చేలా చట్టం చేశారు. పూర్వ విద్యార్థుల సంఘం అంటే ఇది కూడా. మనం కాలేజీ కోసం కోర్టుకి వెళ్ళడం ఊహించండి. మనవాళ్ళు సంఘం ఎన్నికల మీద కోర్టుకి వెళతారు. (నవ్వులు, చప్పట్లు) చప్పట్లు కొట్టేవాళ్ళెవరో నాకు తెలుసు.

ప్రతిదానికీ గెలుపు ఉండదు. గ్రీన్స్‌బరోలోనే బెన్నెట్ అని చిన్న ఆడపిల్లల కాలేజీ ఉంది. 2018 చివర్లో, ఆర్థికంగా నిలదొక్కుకోలేకపోతున్నారని, కాలేజీలకి గుర్తింపు ఇచ్చే సంస్థ ఆ గుర్తింపు, అంటే అక్రెడిటేషన్, తీసేస్తామంది. అక్రెడిటేషన్ పోతే పిల్లలకి కేంద్ర సాయం పోతుంది, అది పోతే కాలేజీ పోయినట్టే. కొద్దివారాల్లో 50 లక్షల డాలర్లు సమకూర్చాలి. పాత విద్యార్థినులు రంగంలోకి దిగారు, చర్చిలు దిగాయి, ఎవరెవరో దిగారు, 82 లక్షలు వచ్చాయి. వచ్చినా ఆ సంస్థ ఒప్పుకోలేదు, అప్పీలు కొట్టేసింది. బెన్నెట్ కోర్టుకి వెళ్ళి కాలం గడుపుకుని, తరవాత వేరే సంస్థ దగ్గర గుర్తింపు తెచ్చుకుంది. మన ఊళ్ళో మోరిస్ బ్రౌన్‌ది ఇంకా పెద్ద పాట్లు. 1881లో నల్లవాళ్ళ చర్చి తన సొంత డబ్బుతో పెట్టుకున్న కాలేజీ అది. 2002లో అక్రెడిటేషన్ పోయింది, వేలల్లో ఉన్న విద్యార్థులు పదుల్లోకి వచ్చారు, ఒక దశలో నీళ్ళ బిల్లు కట్టలేక కుళాయిలు ఆగాయి, 2012లో దివాలా పిటిషను. మామూలుగా అయితే అక్కడికి కథ అయిపోయి అపార్ట్‌మెంట్లు లేవాలి. 2022లో మళ్ళీ అక్రెడిటేషన్ వచ్చింది. ఇరవయ్యేళ్ళు. ఆ ఇరవయ్యేళ్ళూ "మా కాలేజీ" అని టీ షర్ట్ వేసుకుని తిరిగిన పాతవాళ్ళు లేకపోతే తిరిగి తెరవడానికి అక్కడేం మిగిలేది కాదు. ఇంతా చేసి మీరు ఎప్పుడైనా అటు వెళితే, నల్లజాతి మేధావి డ్యూబోయిస్ ఆఫీసు ఒకప్పుడు ఉన్న పాత కట్టడం, ఫౌంటెన్ హాల్, కిటికీలకి చెక్కలు కొట్టి కనబడేది.

మరి ప్రేమ ఉన్నంత డబ్బు ఇస్తారా అంటే, ఇవ్వరు. అక్కడ కూడా హోమ్‌కమింగ్ హోటలుకి వేలు తగలేసి కాలేజీకి పాతిక డాలర్లు కూడా పంపనివాళ్ళున్నారు, వాళ్ళ సంఘాల ప్రెసిడెంట్లు మైకులో ఇదే మొత్తుకుంటారు. దానికి కారణం ఉంది, చాలామంది చదువు అప్పులు తీరుస్తూనే ఉంటారు, వెనక తాతముత్తాతల ఆస్తులు ఉండవు. 2019లో రాబర్ట్ స్మిత్ అనే కోటీశ్వరుడు మోర్‌హౌస్ స్నాతకోత్సవంలో ప్రసంగం మధ్యలో ఈ బ్యాచ్ అప్పులన్నీ నేను తీరుస్తానన్నాడు. దాదాపు 400 మంది పిల్లలు, 3 కోట్ల 40 లక్షల డాలర్లు. ఆయన ఆ కాలేజీలో చదువుకోలేదు కూడా. మీరూ మీ తరవాతివాళ్ళకి చేస్తారని నాకు తెలుసు అని మాత్రం అన్నాడు. ఆ వీడియో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కూడా తెగ తిరిగింది, గుడ్ మార్నింగ్ గులాబీల మధ్య.

మోర్‌హౌస్ అంటే ఒకటి చెప్పకుండా దిగను. 1940 నుంచి 1967 దాకా దానికి ప్రెసిడెంటుగా ఉన్న బెంజమిన్ మేస్, 1936 చివర్లో వార్ధా వెళ్ళి గాంధీగారితో మాట్లాడి వచ్చినవాడు. 1944లో పదిహేనేళ్ళ మార్టిన్ లూథర్ కింగ్ ఆయన కాలేజీలో చేరి 1948లో డిగ్రీ పుచ్చుకున్నాడు. ఇద్దరిలో ఎవరు ముందు పోతే రెండోవాళ్ళు అంత్యక్రియల్లో మాట్లాడాలని ఇద్దరూ అనుకున్నారట. 1968 ఏప్రిల్ 9న, ఆ కాలేజీ ఆవరణలోనే, డెబ్బై దాటిన గురువు లేచి ముప్ఫై తొమ్మిదేళ్ళ శిష్యుడి గురించి మాట్లాడాల్సి వచ్చింది. అంతకుముందు కింగ్ భౌతికకాయాన్ని పక్కనే స్పెల్మన్ చాపెల్‌లో ఉంచారు, జనం బారులు తీరి చూశారు. మనం గురువులకి శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి, గ్రూప్ ఫోటో దిగుతాం, బాగుంటుంది, నాకూ ఇష్టమే, ఇవాళ నాకూ ఒకటి కప్పుతారని తెలుసు, కిందటిసారి ఇచ్చినవారి శాలువా ఇంకా బీరువాలోనే ఉంది. (నవ్వులు) నేనడిగేది ఒకటే, ఆ శాలువా ఖర్చు మన కాలేజీలో ఇప్పుడు సెకండియర్ చదువుతున్న పిల్ల మెస్ బిల్లుతో పోల్చి ఎవరైనా లెక్క వేశారా అని.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి. (ప్రేక్షకుల్లోంచి: మనం కూడా స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాం కదా మేడమ్?) ఇస్తున్నామండీ, కాదనను. ర్యాంకు వచ్చినవాళ్ళకి, వేదిక మీద, పెద్ద చెక్కు అట్టతో. ఆ టెంట్‌లో పెద్దావిడ మార్కులు అడగలేదు, ఎంత తగ్గుతోందని అడిగింది. ఇంకో సంగతి, ఇండియాలో మన కాలేజీ హాస్టల్లో ఇప్పుడున్న పిల్లల పేర్లు మీలో ఎవరి దగ్గరైనా ఉన్నాయా? నా దగ్గరా లేవు. ఆ జాబితా తెప్పించడం ఒక ఈమెయిల్ పని, ఒక వార్డెన్‌తో మాట్లాడే పని. వాళ్ళలో ఈ దేశానికి వచ్చేవాళ్ళుంటే ఎయిర్‌పోర్టుకి ఎవరో ఒకరం వెళతాం ఎలాగూ. రానివాళ్ళ సంగతే ఎవరూ చూడటం లేదు.

ఇంకెవరు? (ప్రేక్షకుల్లోంచి: మేం హోమ్‌కమింగ్‌కి వెళ్ళొచ్చా, వింతగా చూస్తారా?) వెళ్ళండి, చూడరు. అక్టోబర్‌లో, తేదీలు కాలేజీలు ముందే ప్రకటిస్తాయి. టికెట్ కొనుక్కుని వెళ్ళండి, కార్లో వెళ్ళకండి, పార్కింగ్ దొరకదు, మార్టా రైలెక్కి వెస్ట్ ఎండ్‌లో దిగండి. చిన్న బ్యాగే పట్టుకెళ్ళండి, ఈ మధ్య కొన్ని కాలేజీల హోమ్‌కమింగ్‌లలో కాల్పులు జరిగాక గేటు దగ్గర తనిఖీలు పెరిగాయి. ఏ సంవత్సరం అని అడుగుతారు, నేను ఇక్కడ చదవలేదండీ అని చెప్పండి, అయినా ప్లేటు ఇస్తారు. తిన్నాక డబ్బాలో ఏదో ఒకటి వేసి రండి, ఊరికే రాకండి. స్టెప్పుల జోలికి మాత్రం పోకండి.

మైకు ట్రెజరర్‌గారికి ఇచ్చేస్తున్నా, ఆయన దగ్గర ఈ ఏడు లెక్కల కాగితం ఉంది, హాలు అద్దె ఎంత, డీజేకి ఎంత, పిల్లలకి ఎంత, మూడూ వరసగా చదవమని అడిగాను. బిర్యానీ వచ్చేలోపు అయిపోతుంది, లేవకండి.